ముద్ర లేని పెట్టె: వీలాన్ పాఠములపై ఒక విమర్శ

మన పల్లెలలోను, చిన్న పట్టణములలోను కంప్యూటర్లు పెరిగిన కొలది వాటిని కలుపు తంతుల చిక్కు కూడ పెరిగినది. గణపవరము వంటి ఊరిలో ఒక మోస్తరు ధాన్యపు మిల్లునో, చేపల మేత గోదామునో తీసికొనుడు. లెక్కల గదిలో నాలుగు కంప్యూటర్లు, కాటా వద్ద ఒకటి, ప్రహరీ చుట్టును ఎనిమిదో పదో కెమెరాలు, వచ్చిపోవు వారికి వైఫై. ఇవన్నియు గోడకు బిగించిన ఒక ఇనుప పెట్టెలోని స్విచ్చికి వచ్చి చేరును. ఈ కలగాపులగమును విడదీయుటకు చేయు ఏర్పాటునకు వీలాన్ అని పేరు. దీనిని గూర్చి తెలుగున పాఠములు చాలనే వచ్చినవి. కళాశాల నోట్సులు, శిక్షణ సంస్థల పుస్తకములు, తెరమీద చెప్పు పాఠములు కొన్నింటిని నేను ఓపికతో చదివితిని, చూచితిని. వాటిలో శ్రద్ధ కలదు, ఉత్సాహము కలదు. కాని పెక్కింటిలో ఒకే లోపము కనిపించినది. దాని ఫలము అనుభవించువారు పాఠము చెప్పినవారు కారు. రాత్రివేళ ఆ ఇనుప పెట్టె ముందు టార్చిలైటు పట్టుకొని నిలుచున్న కుర్రవాండ్రు. అందుకే ఈ నాలుగు మాటలు.

పాఠములన్నియు దాదాపు ఒకే ఉపమానముతో మొదలగును. స్విచ్చి ఒక పెద్ద ఇల్లట. వీలాన్లు అందులోని గదులట. గదికి గదికి నడుమ గోడ యున్నదట. వినుటకు ఇది సులువుగనే యున్నది. కాని గోడ అనునది ఒకసారి కట్టిన తరువాత తనంత తాను నిలుచునది. వీలాన్ అట్లు కాదు. అది ప్రతి వార్తాఖండము వెంట మోయబడు ఒక సంఖ్యలో బ్రతుకుచుండును. ఆ సంఖ్య పోయినచో, మారినచో, చదువువాడు వేరుగా చదివినచో గోడ లేదు. గోడ అని నేర్చిన విద్యార్థికి ఈ సంగతి ఎన్నటికిని తట్టదు. తట్టకపోవుటయే గాక, గోడ యున్నది గదా అని ధీమాగా నిద్రపోవును.

అసలు విడదీయవలసిన అవసరమెందుకు కలిగినదో చూతము. 1973లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అను ఇరువురు ఈథర్నెట్టును రూపొందించిరి. అందులో అన్ని యంత్రములకును ఒకే లావుపాటి తంతి. ఒకరు పలికిన పలుకు అందరి చెవిని పడును. తరువాత వచ్చిన స్విచ్చి ఈ గోలను చాలవరకు తగ్గించినది. ఏ యంత్రము ఏ పోర్టు వద్ద నున్నదో అది గుర్తుపెట్టుకొని, ఎవరి ఉత్తరమును వారికే అందించును. కాని కొన్ని పలుకులు మాత్రము అందరికి చెప్పియే తీరవలెను. "ఫలానా చిరునామా గలవారెవరు?" అను ప్రశ్న అట్టిది. అడ్రసు తెలియనప్పుడే గదా అడుగుట. కావున స్విచ్చి ఆ ప్రశ్నను అన్ని పోర్టులకును పంపక తప్పదు. ఈ దండోరా ఎంతవరకు వినబడునో అంతవరకు అది ఒక్కటే వల.

మన కొల్లేటి ప్రాంతపు పాఠకులకు ఇది చెప్పుట కష్టము కాదు. దండోరా వినబడు మేర ఒక చెరువు. ఒక మూల చేపకు తెగులు తగిలినచో చెరువంతయు తగులును. అందుకే చెరువునకు చెరువునకు నడుమ గట్టు వేయుదురు. పాత రోజులలో వలకు గట్టు వేయవలెనన్నచో వేరొక స్విచ్చి కొని, వేరే తంతులు లాగవలసి యుండెడిది. ఖర్చు రెట్టింపు. పై అంతస్తులో కూర్చున్న గుమస్తా కింది గదికి మారినచో తంతి మరల లాగవలెను.

ఈ చిక్కునకు దారి చూపినవారిలో ముఖ్యుడు డేవిడ్ సిన్‌కోస్కీ. ఈయన టెలిఫోన్ వారి మనిషి. 1980 తరువాతి మొదటి సంవత్సరములలో ఈథర్నెట్టు మీద మానవ కంఠస్వరమును పంపు ప్రయోగములు చేసి, పిమ్మట బెల్‌కోర్ సంస్థలో చేరి, చిన్న వలను పెద్ద ఊరంత వలగా పెంచుటెట్లు అను ప్రశ్నను చేపట్టెను. అప్పటికి స్విచ్చుల నడుమ వార్తలు సుడి తిరుగకుండ రేడియా పెర్ల్‌మన్ అను విదుషి 1985లో ఒక పద్ధతి కల్పించి యుండెను. అది తంతులన్నింటిలో కొన్నింటిని ఆపివేసి, మిగిలినవానిని ఒక చెట్టు ఆకారమున నిలుపును. పద్ధతి చక్కనిదే, కాని అన్ని వార్తలును ఆ ఒక్క చెట్టు గుండా పోవలసినదే. సిన్‌కోస్కీయు, చేజ్ కాటన్ అను ఆయన సహచరుడును 1988లో ప్రకటించిన వ్యాసమున, ఒకే తంతుల మీద పలు చెట్లు పెంచవచ్చుననియు, ఏ వార్త ఏ చెట్టునకు చెందినదో తెలుపు గుర్తును వార్తకే తగిలింపవచ్చుననియు చూపిరి. పదేండ్ల తరువాత, 1998లో, ఐ.ఇ.ఇ.ఇ. వారు 802.1క్యూ అను ప్రమాణ గ్రంథముగా ప్రకటించిన దానిలో ప్రాణము వంటిది ఈ గుర్తే. మన పాఠములలో సిన్‌కోస్కీ పేరు నాకు ఒక్కచోటను కనబడలేదు. పేరు లేకపోయినను సహింపవచ్చును. ఆయన అడిగిన ప్రశ్న లేకపోవుటయే విచారకరము. ప్రశ్న తెలియనివానికి సమాధానము మంత్రము వలె తోచును.

ఆ గుర్తు ఎట్లుండునో చెప్పెదను. దాని పొడవు నాలుగు బైట్లు, అనగా 32 బిట్లు. మొదటి 16 బిట్లు "ఇది గుర్తు గల ఫ్రేము సుమా" అని తెలుపునట్టివి. పదునారు ఆధారముగా లెక్కించు పద్ధతిలో వాని విలువ 8100. తరువాతి 3 బిట్లు ప్రాధాన్యము తెలుపును, ఎనిమిది మెట్లు. ఇంకొక బిట్టు, ఇరుకున పడినప్పుడు ఈ ఫ్రేమును ముందుగా పారవేయవచ్చునా అని చెప్పును. మిగిలిన 12 బిట్లు వీలాన్ సంఖ్య. 12 బిట్లతో 4096 సంఖ్యలు వ్రాయవచ్చును. వానిలో 0యు, 4095యు వీలాన్లకు ఇయ్యరు; కావున మనకు మిగులునవి 4094. ఈ నాలుగు బైట్లు చేరుట వలన ఫ్రేము గరిష్ఠ పరిమాణము 1518 నుండి 1522 బైట్లకు పెరిగినది. ఆ కాలపు కొన్ని పాత యంత్రములు ఈ నాలుగు బైట్లకే ఉక్కిరిబిక్కిరియై నిండు ఫ్రేములను పారవేసెడివి.

దీనికి తగిన ఉపమానము మనకు ఇంటి గదులలో గాక చేపల ఎగుమతిలో దొరకును. మా వైపు చెరువులలో పట్టిన శీలావతి, బొచ్చె చేపలను ఐసు వేసి పెట్టెలలో సర్ది లారీలకెత్తి బెంగాలు, అస్సాము దిక్కునకు పంపుదురు. ఒకే లారీలో నలుగురు వ్యాపారుల సరకు పోవచ్చును. ఏ పెట్టె ఎవరిదో తెలియుటకు ఎక్కించునప్పుడు ముద్ర వేయుదురు. దించినచోట ముద్ర చూచి పంచుదురు. చెరువు గట్టున రైతునకు ముద్రతో పనిలేదు. అవతల కొనువానికిని పనిలేదు. ముద్ర లారీ ప్రయాణమునకే. స్విచ్చిలోను అంతే. లెక్కల గది కంప్యూటరు తాను ఏ వీలాన్‌లో నున్నదో ఎరుగదు. అది మామూలు ఫ్రేమునే పంపును. అది ప్రవేశించిన పోర్టును బట్టి స్విచ్చి దానిని ఫలానా వీలాన్ అని లెక్కకట్టి, వేరొక స్విచ్చికి పోవు తంతి మీద ఎక్కించునప్పుడు సంఖ్యను చెక్కి, చివరి పోర్టు వద్ద మరల చెరిపివేయును. పాత యంత్రములను మార్చకుండ కొత్త ఏర్పాటును చొప్పించిన ఈ నేర్పు ఆ ప్రమాణములోని మేలైన గుణము. దీనిని మెచ్చుకొనక తప్పదు.

కొందరు కాలువను ఉపమానముగా చెప్పుదురు. ధవళేశ్వరము ఆనకట్ట నుండి పశ్చిమ డెల్టా కాలువలు చీలినట్లు ట్రంకు తంతి నుండి వీలాన్లు చీలునని ఒక పుస్తకమున చదివితిని. డెల్టా మీద నాకును అభిమానమే. కాని కాలువలో నీరు కలిసిపోవును; అత్తిలి నీరు ఏదో ఉండి నీరు ఏదో చుక్కను చూచి ఎవరును చెప్పలేరు. ట్రంకు తంతి మీద ఫ్రేములు కలిసి పోవుచునే విడివిడిగ నుండును. ఉన్న ఒక్క విశేషమును మరుగుపరచు ఉపమానము వలన ప్రయోజనమేమి?

ఇక ముద్ర లేని పెట్టె సంగతి. లారీలో ముద్ర పడని పెట్టె ఒకటి వచ్చినదనుకొనుడు. ఏమి చేయుదురు? "ముద్ర లేనివి ఫలానా వారివి" అని వాడుక పెట్టుకొందురు. స్విచ్చిలోను ఈ వాడుక కలదు. ట్రంకు మీద సంఖ్య లేకుండ వచ్చిన ఫ్రేమును ఒక నియమిత వీలాన్‌కు చెందినదిగా ఎంచుదురు. దానిని నేటివ్ వీలాన్ అందురు. ఎవరును మార్చనిచో అది 1. పెట్టెలోనుండి తీసిన కొత్త స్విచ్చిలో పోర్టులన్నియు ఈ 1లోనే యుండును. అందువలననే కొత్త స్విచ్చి ఏ అమరికయు లేకుండ తగిలించగనే పనిచేయును. ప్రమాణము వ్రాసినవారి దయ ఇది. దయ కొంత ఎక్కువైనదని నా అభిప్రాయము. ఎందుకన, ఎక్కించుచోట ముద్ర లేనివి రాజుగారివి అను వాడుకయు, దించుచోట అవి శెట్టిగారివి అను వాడుకయు ఉన్నచో, పెట్టె పోగొట్టుకొన్న మాట ఎవరికిని తెలియకుండనే సరకు చేతులు మారును. ఒక స్విచ్చిలో నేటివ్ 1, అవతలి దానిలో 10 అని యున్నచో జరుగునదిదే. రెండు చెరువుల నడుమ గట్టునకు నిశ్శబ్దముగా గండి పడును. కొన్ని స్విచ్చులు దీనిని కనిపెట్టి హెచ్చరించును. ఇరువైపుల వేర్వేరు కంపెనీల స్విచ్చులున్నచో హెచ్చరిక వచ్చునను నమ్మకము లేదు. ఇంత ముఖ్యమైన విషయమునకు నేను చూచిన పాఠములలో ఒక్క పంక్తి, మహా అయిన రెండు పంక్తులు కేటాయించిరి.

దీనితోడనే ఒక దొంగతనము కూడ పుట్టినది. పెట్టె మీద ఒకదానిపై ఒకటిగ రెండు ముద్రలు వేసిన దుర్మార్గుని ఊహించుడు. పైముద్ర ఆ వాడుక వ్యాపారిది. ఎక్కించువాడు దానిని చూచి, "వీరి పెట్టెకు ముద్ర అక్కరలేదు" అని పైముద్ర గీకివేసి పంపును. దించువానికి లోపలి ముద్ర కనబడును. పెట్టెను వేరొకరి కొట్టునకు చేర్చును. నేటివ్ వీలాన్‌లో నున్న పోర్టు నుండి రెండు సంఖ్యలు తగిలించి ఫ్రేము పంపినచో ఇట్లే వేరొక వీలాన్‌లోనికి చొరబడవచ్చును. జవాబు తిరిగి రాదు, నిజమే. కాని హాని చేయుటకు జవాబుతో పని యేమున్నది? విరుగుడు తేలిక. నేటివ్ సంఖ్యగా ఏ యంత్రమునకును ఇయ్యని వీలాన్‌ను పెట్టుట, కంప్యూటర్ల పోర్టులపై సంఖ్య గల ఫ్రేములను తీసికొనకుండుట, లేదా నేటివ్‌కు కూడ ముద్ర తప్పదని శాసించుట. గదులు, గోడలు అని చెప్పిన పాఠము ఈ మోసమును వివరింపనే లేదు. గోడకు రెండు ముద్రలుండవు గదా.

మాటల విషయమున మరియొక బాధ. "వర్చువల్" అనుదానికి కొందరు మిథ్యా అనియు, కొందరు కల్పిత మనియు వ్రాయుచున్నారు. తెలుగున మిథ్య యనగా లేనిది, అబద్ధము. లెక్కల గదికిని కెమెరాలకును నడుమ నిలిచిన వేర్పాటు అబద్ధము కాదు. తంతిలో కనబడదు, పనిలో కనబడును. రైలునకు ధూమశకటమని పేరు పెట్టి చివరకు రైలనియే పిలిచినట్లు, వీలాన్‌ను వీలాన్ అనుటయే మేలు. ఇంతకంటె చిక్కైనది ట్రంకు అను మాట. సిస్కో వారి భాషలో ట్రంకు అనగా పలు వీలాన్లను మోయు తంతి. హెచ్.పి. వారి ప్రోకర్వ్ స్విచ్చులలో ట్రంకు అనగా రెండు మూడు తంతులను పేని ఒకే బలమైన తంతిగా వాడుట. పలు వీలాన్లను మోయుటకు అక్కడ పోర్టును ఆయా వీలాన్లలో "ట్యాగ్డ్" అని వ్రాయుదురు. ఒక కంపెనీ భాషను నేర్చి రెండవ కంపెనీ స్విచ్చి ముందు కూర్చున్న విద్యార్థి గతి, సారెకు చీర అను అర్థమున్నదని నమ్మి చేపల సంతకు పోయినవాని గతి వంటిది. ప్రమాణము ఈ మాటను పట్టించుకొనక పోర్టునకు ఏ వీలాన్లలో సభ్యత్వము కలదు, ఏ వీలాన్‌కు సంఖ్య చెక్కి పంపవలెను, దేనికి చెక్కకుండ పంపవలెను అని చెప్పుచున్నది. ఆ మూడు ప్రశ్నలు నేర్పినచో ఏ కంపెనీ పెట్టె అయినను చదువవచ్చును. మనవారు ప్రశ్నలు విడిచి ఆజ్ఞలు కంఠస్థము చేయించుచున్నారు.

కంఠస్థము వలన ఏమగునో నా కన్నులార చూచితిని. మా ఎరుకలోని ఒక కుర్రవాడు ఒక శిక్షణ సంస్థలో ఈ విద్య నేర్చి వచ్చి, రెండు షెడ్లు గల ఒక వ్యాపార స్థలమున స్విచ్చులను చూచుచుండెను. అక్కడ కొత్త కెమెరాలకై 30వ సంఖ్య వీలాన్ పెట్టదలచి, రెండవ షెడ్డునకు పోవు ట్రంకు మీద దానిని అనుమతించుమని ఇంటినుండి ఆజ్ఞ వ్రాసెను. ఆ స్విచ్చి భాషలో "చేర్చుము" అను మాట కలిపి వ్రాసినచో ఉన్నవానికి 30 చేరును. ఆ మాట విడిచినచో, ఉన్నవన్నియు తొలగి 30 ఒక్కటియే నిలుచును. కుర్రవాడు ఆ మాట విడిచెను. ఆ షెడ్డులోని కంప్యూటర్లు, కాటా, వానితో పాటు స్విచ్చిని చేరుటకు అతడు వాడుచున్న వీలాన్ కూడ ఒక్క క్షణమున తెగిపోయెను. రాత్రి పదిగంటలు దాటినది. నాకు ఫోను వచ్చినది.

"మాస్టారూ, స్విచ్చి పలకడం లేదండి. నేను రాసింది తప్పు కాదండి, పుస్తకంలో అలాగే ఉందండి."

"రాసిన తర్వాత భద్రపరిచావా?"

"లేదండి. ఇంకా సేవ్ కొట్టలేదండి."

"అయితే బతికావు. ఏ స్విచ్చిలో రాశావో అక్కడ కాపలా ఉన్నాయనకి ఫోన్ చేసి, దాని ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టమను."

భద్రపరచని మార్పులు స్విచ్చి జ్ఞాపకమున తాత్కాలికముగ నుండును. కరెంటు పోయి వచ్చినప్పుడు అది భద్రపరచిన పాత అమరికనే చదువుకొని లేచును. ఐదు నిమిషములలో అంతయు యథాస్థితికి వచ్చెను. మరునాడు కుర్రవాడు ఆ పుస్తకమును తెచ్చి చూపెను. నిజమే, పుస్తకమున అట్లే యున్నది. ఏలయన అక్కడి ఉదాహరణలో అంతకు ముందు ఏ జాబితాయు లేదు. మొదటిసారి వ్రాయుటకు ఆ ఆజ్ఞ సరియైనదే. రెండవసారి వ్రాయువాడు కూడ ఒకడుండునని గ్రంథకర్తకు తోచలేదు. నడుచుచున్న స్విచ్చి మీద పని, ఖాళీ స్విచ్చి మీద పని వేర్వేరు విద్యలు; మన పాఠములన్నియు ఖాళీ స్విచ్చి మీదనే జరుగుచున్నవి. పది నిమిషములలో నేను మరల ఆపమని చెప్పనిచో నీ అంతట నీవు తిరిగి మొదలుకొమ్ము అని ముందుగ స్విచ్చికి గడువు పెట్టి పని మొదలిడు ఉపాయము కొన్నింటిలో కలదు. దూరమునుండి పనిచేయువానికి అది తాడు కట్టుకొని నూతిలోకి దిగుట వంటిది. ఆ పుస్తకమున అది లేదు.

భద్రత విషయమున పాఠములు చెప్పు గొప్పలకు కూడ హద్దు కావలెను. వీలాన్ వార్తను రహస్యలిపిగ మార్చదు. ఒకే వీలాన్‌లోని పది కెమెరాలు ఒకదానినొకటి చూచుచునే యుండును. వానిని కూడ విడదీయుటకు ప్రైవేట్ వీలాన్ అను వేరే ఏర్పాటు కలదు. అన్నిటికంటె తరచుగ చూచు తప్పు వేరొకటి. గట్టు వేసిన తరువాత అవసరమైన నీటికి తూము పెట్టుదుము. వీలాన్ల నడుమ ఆ తూము రౌటరు, లేదా రౌటరు పనికూడ చేయు పెద్ద స్విచ్చి. అటువంటి స్విచ్చిలో ప్రతి వీలాన్‌కు ఒక చిరునామా యిచ్చి, మార్గము చూపుమని ఆజ్ఞాపించినంతనే అన్ని చెరువుల నీరును అన్నిటిలోనికి పారును. ఏది పారవలెనో, ఏది కూడదో తెలుపు అనుమతి జాబితా వ్రాసినప్పుడే గట్టుకు అర్థము. అతిథుల వైఫైకి 40, లెక్కలకు 10 అని చక్కగ విడదీసి, తూమునకు తలుపు లేకుండ విడిచిన చోట్లు నేను మూడు చూచితిని. యజమానులు వీలాన్లున్నవని సంతోషముతో నుండిరి.

ప్రమాణము మీద చెప్పదగిన మరియొక ఆక్షేపణ ఆ 12 బిట్ల పిసినారితనము. ఒక మిల్లునకు 4094 సముద్రమంత. ఊరూర తంతి వేయువారికి అది గిన్నెడు. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభముల మీదుగా గాజు తంతిని పల్లెలకు తెచ్చి, ఒక్క తంతి మీద టెలివిజన్, టెలిఫోన్, ఇంటర్నెట్ మూడింటిని ఇండ్లకు ఇచ్చుటకు పూనుకొన్నది. ఇట్టి సేవలను వేరుపరచుటకు వీలాన్ సంఖ్యలు వాడుట ఈ రంగమున మామూలే. వేల ఇండ్లు, మూడేసి సేవలు. లెక్క మీరే వేయుడు. అందుకే ముద్ర మీద ముద్ర వేయు పద్ధతిని, దొంగవలె గాక దొరవలె, 802.1ఏడీ అను పేర 2005లో ఆమోదించిరి. పెద్ద యంత్రాలయములకై 24 బిట్ల సంఖ్య గల వీఎక్స్‌లాన్ 2014లో ప్రకటితమైనది; దానిలో కోటి 67 లక్షలకు పైగా వలలు పట్టును. అయినను 1998 నాటివారిని నేను గట్టిగ నిందింపలేను. నాలుగు బైట్లలో ఇముడ్చుటయే వారికి ఆనాడు గండము.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఆజ్ఞలు వ్రాయుటకు ముందు కాగితము తీయుచున్నాడు. పోర్టు సంఖ్య, అవతల నున్న యంత్రము, సభ్యత్వము గల వీలాన్లు, చెక్కవలసినవి, చెక్కరానిది, ట్రంకు అయినచో ఇరువైపుల నేటివ్ సంఖ్య. ఇట్లు గళ్ళు గీసి నింపి, ఆ కాగితమును ఇనుప పెట్టె తలుపు లోపలివైపు అంటించినాడు. మొన్న పోయి చూచితిని. ఇరువదినాలుగు పోర్టులలో ఇరువదిమూడింటికి వివరము కలదు. పదునేడవ దాని యెదుట "ఎక్కడికి పోతోందో తెలియదు" అని వ్రాసి యున్నది. దీపము మాత్రము మిణుకుమిణుకుమని వెలుగుచున్నది. వచ్చు ఆదివారము పని లేనప్పుడు తంతి పట్టుకొని గోడవెంబడి చివరిదాక పోయి చూతమని అనుకొన్నాము.